గుర్రు యంత్రం కొంటున్నారా? బిల్లు ముందు అడగండి

గుర్రు అనగానే మనకి ముందు నవ్వొస్తుంది. సినిమాల్లో హాస్యానికీ, పెళ్లి విడిదిలో వేళాకోళానికీ పనికొచ్చే సంగతి అది. 'ఎంత హాయిగా నిద్రపోతున్నాడో, అదృష్టవంతుడు' అని మురిసిపోయే వాళ్లూ ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీలహరి ముంబయిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో 'స్లీప్ అప్నియా' అన్న మాట వినబడింది. ఆ మాట చాలామంది చెవిన పడటం అదే మొదటిసారి.

ఇంతకీ ఏమిటీ జబ్బు? నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి అందదు. ప్రాణం ఉక్కిరిబిక్కిరై మెదడు తట్టి లేపుతుంది. పడుకున్న మనిషికి ఇదేమీ గుర్తుండదు. గంటకి ఇలా 5 సార్లు దాటితే జబ్బు ఉన్నట్టు, 30 దాటితే ముదిరినట్టు లెక్క. పగలంతా కునికిపాట్లు, తలనొప్పి, బి.పి., గుండె జబ్బులు దీని వెంట వస్తాయి. మన దేశంలో పనిచేసే వయసువాళ్లలో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఇది ఉండొచ్చని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అంచనా కట్టారు. మగవాళ్లలో నూటికి 13 మంది, ఆడవాళ్లలో నూటికి 5గురు.

ఆ అయిదుగురి సంగతి ఎవరు చూస్తారు? భర్త గుర్రు పెడితే పక్కనున్న భార్య గమనించి డాక్టరు దగ్గరికి తోలుతుంది. భార్య గుర్రు పెడితే? పైకి చెప్పుకోవడమే సిగ్గు. ఆమె నీరసాన్ని రక్తం తక్కువనో, థైరాయిడనో, వయసు మళ్లుతోందనో సరిపెట్టేస్తారు. ముట్లాగే వయసు దాటాక ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు.

తొండంతో కాపురం

దీనికి ఎక్కువగా రాసిచ్చే వైద్యం సీప్యాప్ యంత్రం. 1980లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ దీన్ని కనిపెట్టారు. మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి, గొంతు మూసుకోకుండా నిలబెట్టడమే దాని పని. మందు బిళ్లలా మింగేసి మరిచిపోయేది కాదు. రోజూ రాత్రి తగిలించుకోవాల్సిందే.

మా ఏటికొప్పాకలో ఈ యంత్రం మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది. మా వారు ఉద్యోగానికి రోజూ అనకాపల్లి దాకా మోటారు సైకిలు మీద వెళ్లొస్తారు. అడ్డరోడ్డు దాటి హైవే ఎక్కాక కళ్లు మూతలు పడుతున్నాయని ఆయన అన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. విశాఖలో పరీక్ష చేయిస్తే గంటకి 41 సార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. మొదటి రాత్రి మాస్కు పెట్టుకోగానే మా అత్తగారు "ఆ తొండమేమిట్రా, ఇంట్లో వినాయకుడు వెలిశాడు" అన్నారు. అందరం నవ్వాం. ఆ తర్వాత నెల రోజులూ నవ్వు లేదు. నోరెండిపోవడం, ముక్కు మీద ఎర్రటి గీతలు, మాస్కు అంచుల్లోంచి కళ్లల్లోకి గాలి. అర్ధరాత్రి పీకి అవతల పారేసేవారు.

అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే మాస్కంటే భయం పోతుంది. నోరెండిపోతుంటే నీళ్ల డబ్బా ఉన్న హ్యుమిడిఫయర్ వాడాలి, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మాస్కు మెత్తని భాగాన్ని రోజూ మామూలు సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఊళ్లో అంకుడు కర్ర లేత్ మీద తిప్పి లక్కబొమ్మలు చేసే ఇళ్లున్నాయి. గాలిలో పొడి ఉండేచోట ఫిల్టరు తొందరగా మాసిపోతుంది, వారానికోసారి తీసి చూడాలి. ఈ కడగడం, ఆరబెట్టడం, నీళ్లు పోయడం ఎవరి పని అయిందో మీకు వేరే చెప్పాలా?

ఫ్రిజ్ కాదు, మందు

అసలు ఇబ్బంది యంత్రంతో కాదు, అమ్మినవాళ్లతో వచ్చింది. యంత్రమూ మాస్కూ కలిపి 60 వేలు దాటింది. తెచ్చిచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో స్విచ్చు చూపించి వెళ్లిపోయాడు. చేతిలో పెట్టింది తెల్లకాగితం ఎస్టిమేటు. మాస్కు సైజు పెద్దదైంది, మార్చమంటే "సీలు తీశాక వాపసు లేదు మేడం" అన్నారు. "సార్‌తో మాట్లాడించండి" అని కూడా అన్నారు. సార్ నిద్రపోతే కదా మాట్లాడేది! పక్కా బిల్లు, సీరియల్ నంబరు ఇచ్చేదాకా నేను ఫోను వదల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక చిన్న సైజు మాస్కు ఇంటికి వచ్చింది. ఆ వారంలోనే ఆయన ఆరు గంటలు నిద్రపోయారు.

ఇది మా ఒక్కరి గొడవే అయితే రాయక్కర్లేదు. చట్టం ఒక మాట అంటోంది, బజారు ఇంకో మాట అంటోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో మందులే. 2022లో వచ్చిన సవరణ ప్రకారం వాటిని అమ్మేవాళ్లకి మందుల లైసెన్సయినా, ఎండీ-42 అనే రిజిస్ట్రేషనయినా ఉండాలి. కొన్నదీ అమ్మిందీ రాసి పెట్టుకోవాలి. బజారులో మాత్రం ఫ్రిజ్ అమ్మినట్టే అమ్ముతున్నారు.

బిల్లు మీద సీరియల్ నంబరెందుకని అడుగుతారేమో. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ ప్రపంచమంతటా లక్షల కొద్దీ యంత్రాలను వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన స్పాంజి లాంటి పదార్థం చివికి, ఆ నలుసులు ఊపిరిలోకి పోతాయేమోనన్న భయంతో. అమెరికాలో దావాల పరిష్కారానికి 2024 ఏప్రిల్‌లో 110 కోట్ల డాలర్లు ఇస్తామంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు మన యంత్రం ఆ జాబితాలో ఉందో లేదో తేల్చేది సీరియల్ నంబరే. తెల్లకాగితం మీద కొన్న మనిషి చిరునామా ఏ కంపెనీకి తెలుస్తుంది? చవకగా వస్తోందని చేతులు మారిన యంత్రం కొనేవాళ్లు ఇది మరీ ఆలోచించుకోవాలి.

ధర సంగతీ అంతే. 2021 జులైలో కేంద్రం ఆక్సీమీటరు, బి.పి. మిషను, నెబ్యులైజరు, థర్మామీటరు, గ్లూకోమీటరు, ఈ అయిదింటి మీద అమ్మకందార్ల లాభానికి హద్దు పెట్టింది. సీప్యాప్ అందులో లేదు. ఎమ్మార్పీని ఏడాదికి పది శాతం మించి పెంచకూడదన్న నియమం మాత్రం అన్ని వైద్య పరికరాలకీ ఉంది. ఎంత ధరతో మొదలుపెట్టాలో చెప్పేవాళ్లే లేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వైద్య పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మన బిల్లులో కనిపించాలంటే ముందు బిల్లంటూ ఉండాలి కదా!

కొనేముందు

ఒత్తిడి ఎంత పెట్టాలో డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా కొనకండి. వారం పది రోజులు అద్దెకో, ట్రయల్‌కో ఇవ్వమనండి. మాస్కు పడుకుని పెట్టుకు చూడాలి, కూర్చుని కాదు. సైజు కుదరకపోతే మారుస్తామని కాగితం మీద రాయించుకోండి. వారంటీ ఎన్నాళ్లు, బాగుచేసే చోటు ఎక్కడ, అన్నాళ్లూ వేరే యంత్రం ఇస్తారా అని అడగండి. ఆన్‌లైన్‌లో కొన్నా ఈ ప్రశ్నలు తప్పవు.

మాట వినకపోతే 1915. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటే ఫిర్యాదు చేయొచ్చు, వస్తువు ఖరీదు 5 లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వెళ్లాలి.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. లాభాల హద్దు జాబితాలో ఈ యంత్రాన్ని చేర్చాలి. పరీక్ష చేసిన ఆస్పత్రే మొదటి నెల రోజులూ రోగికి తోడుండి నేర్పాలి. ఇవి జరిగేదాకా కాగితాలు దాచేదీ, ఫోను చేసేదీ ఎలాగూ మనమే. పనిలో పనిగా ఇంట్లో ఎవరినైనా ఒక మాట అడగండి, 'రాత్రి నేను గుర్రు పెడుతున్నానా?' అని. అవునంటే సిగ్గుపడకుండా మీరూ పరీక్ష చేయించుకోండి.