ఒక్కరోజు ధర చూసి తొందరపడొద్దు: షేర్ల ఎత్తుపల్లాలు అర్థం చేసుకునేదెలా?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. ఈరోజు క్వింటాలుకు వంద రూపాయలు పెరిగాయంటే సీజనంతా పెరుగుతుందని కాదు. షేర్ల దగ్గరకొచ్చేసరికి ఈ జాగ్రత్తే చాలామంది మర్చిపోతున్నారు. ఆదోనిలో ఉన్నా ఎమ్మిగనూరులో ఉన్నా ఇప్పుడు డీమ్యాట్ ఖాతా ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. అందులో పడేది మాత్రం ఒక్కోసారి బిడ్డ పెళ్లికో, హజ్‌కో దాచిన డబ్బు.

2024 జూన్‌లో ఏం జరిగిందో చూడండి. ఎగ్జిట్ పోల్స్ చూసి 3వ తేదీన సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరింది. మర్నాడు ఓట్ల లెక్కింపు రోజు 4,390 పాయింట్లు పడిపోయింది. 7వ తేదీకల్లా 3వ తేదీ స్థాయిని దాటేసింది. 3న ఆశతో కొని, 4న భయంతో అమ్మినవాళ్లకు నష్టమే మిగిలింది.

మరి ధోరణి అంటే ఏమిటి? ఒక షేరు 100 నుంచి 120కి వెళ్లి, 110కి దిగి, మళ్లీ 135కి ఎక్కి, 122 దగ్గర ఆగిందనుకోండి. పడినప్పుడల్లా ముందుకన్నా పైనే ఆగుతోంది, లేచినప్పుడల్లా ముందుకన్నా పైకి పోతోంది. ఇది పెరిగే ధోరణి. శిఖరాలూ పల్లాలూ రెండూ కిందికి జారుతుంటే తగ్గే ధోరణి. దీన్ని నెలల లెక్కన చూడాలి, గంటల లెక్కన కాదు. అలా చూసినా రేపటికి గ్యారంటీ ఏమీ లేదు.

ధర కదలికకు కారణం కూడా వెతకాలి. కంపెనీ లాభాలు, రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు, విదేశీ మదుపరుల కొనుగోళ్లు, ప్రభుత్వ నిర్ణయాలు అన్నీ పనిచేస్తాయి. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. అది బట్టల మిల్లులకు ఊరట, పత్తి రైతుకు దిగులు. ఒకే నిర్ణయం ఒకరిని లేపి, ఇంకొకరిని కుంగదీయొచ్చు.

పెద్ద పతనాలూ ఉంటాయి. కరోనా భయంతో 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. ఆ ఏడాది నవంబరుకు పాత శిఖరాన్ని అందుకుంది. ఆగగలిగినవాళ్లు చాలామంది గట్టెక్కారు. అప్పు తెచ్చి పెట్టినవాళ్లకు ఆగే వీలెక్కడిది?

అసలు ప్రమాదం ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఉంది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇందులో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. చాలామంది ఉలేమా కూడా దీన్ని సమ్మతించరు. షేర్లే కొనాలనుకునేవారికి వడ్డీ, మద్యం వ్యాపారాలను పక్కనపెట్టే నిఫ్టీ షరియా సూచీలున్నాయి. వాటిలోనూ ధరలు పడతాయి. సందేహముంటే తెలిసిన ఆలింను అడగడం మంచిది.

ఏడాదిలోపు అవసరమయ్యే డబ్బు షేర్లలో పెట్టొద్దు. టెలిగ్రాంలో టిప్ ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. అన్నీ ఒకే షేరులో కుమ్మరించొద్దు. యార్డులో పత్తిని చేత్తో పట్టి చూశాకే ధర చెబుతారు. షేరుకూ ఆ పరీక్ష తప్పదు.