మత్తులోని నొప్పి

1888, 1889 సంవత్సరములలో హైదరాబాదునందు డాక్టరు ఎడ్వర్డు లారీ పూనికపై, నిజాము ప్రభుత్వపు ధనముతో, రెండు క్లోరోఫారము కమీషనులు పనిచేసినవి. మత్తులోని రోగి శ్వాసను కనిపెట్టిన చాలును, నాడిని చూడనక్కరలేదని అవి తీర్మానించినవి. క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ అను వైద్యుడు నిరూపించెను. చూడనక్కరలేదన్న చోటనే మృత్యువు పొంచియుండినది!

నేడు నాడి, శ్వాస, రక్తపుపోటు క్షణక్షణము యంత్రముపై కానవచ్చుచున్నవి. నొప్పి మాట యేమి? నిద్రించువానికి నొప్పి యెక్కడిదని లోకుల తలంపు. తెలివి లేకున్నను కత్తిగాటు వార్త నరముల వెంట వెన్నుపామునకు పోవుచునే యుండును. నాడి వడి హెచ్చును, చెమట పట్టును, కన్నీరు కారును. 1942లో మాంట్రియలునందు గ్రిఫిత్ వైద్యుడు కురారేను వాడినది మొదలు, కండరములను సడలించు మందులు వ్యాపించి, రోగి కదలుట యను గుర్తు కూడ పోయినది. మిగిలిన గుర్తులు రక్తస్రావముచేతను మారవచ్చును. కనుపాప మార్పులను కొలుచు యంత్రములు వచ్చినవి గాని, అవి సూచింపగలవే తప్ప నిర్ణయింపజాలవు. తలాపున నిలిచిన మత్తువైద్యుని శ్రద్ధయే రోగికి దిక్కు.

చెప్పుకొనలేనివానికి బాధ లేదనుకొనుట యెంత ఘోరమో పసికందుల కథ తెలుపును. 1980 దశకము వరకు నెలలు నిండని శిశువులకు అనేకచోట్ల కండరములను సడలించి, నామమాత్రపు మత్తుతోనే శస్త్రచికిత్స చేయుచుండిరి. ఫెంటనిల్ మందు పొందిన శిశువులకు ఉపద్రవములు తగ్గినవని 1987లో ఆక్స్‌ఫర్డునందు ఆనంద్ వైద్యుడును సహచరులును చూపిరి. అంతవరకు ఆ బిడ్డల యేడ్పు సాక్ష్యము కాలేదు.

మెలకువ వచ్చిన రోగికి నోరున్నది, అడుగువారు లేరు. మన యాసుపత్రులలో పెక్కింట "ఓర్చుకోవమ్మా" యను మాటయే మందు. ఓర్పు గొప్పగుణమే, కాని కడుపుకోత నొప్పిచే దగ్గలేని రోగికి కఫము నిలిచి ఊపిరితిత్తులు చెడును. సున్న మొదలు పది వరకు నొప్పి యెంతయో, కదలినపుడెంతయో అడుగుటకు కాసు ఖర్చు లేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమును 2014లో సవరించి, వైద్యమునకు మార్ఫీను దొరకుట సులభము చేసిరి. ఇక చట్టమును సాకుగా చెప్పరాదు. ప్రతి మంచము కడ జ్వరపు పట్టికలో నొప్పికొక గడి యుంచి, వేళతప్పక నింపవలెను. మందిచ్చిన పిదప మరల అడిగి వ్రాయవలెను. మార్ఫీను శ్వాసను మందగింపజేయును గనుక, ఆ గడి ప్రక్కనే శ్వాస లెక్కయు నుండవలెను.