కబురు చేరును, ఫైలు చేరదు

"ముచ్చటలన్నియు నిరాటంకముగ సాగుచున్నవి, ఫైలు పంపబోయినప్పుడు మాత్రము కొంతసేపు వేచియుండి విఫలమైనదని చూపుచున్నది" అని సోదరి యొకరు మాకు వ్రాసిరి. ఆమె పంపదలచినవి గతించిన తల్లిగారు పాడిన మంగళహారతుల ధ్వనిముద్రణలు. అవి యా యొక్క కంప్యూటరున దప్ప మఱెచ్చటను లేవు. దూరదేశమందున్న చెల్లెలికి ప్రతి యొకటి చేర్చిననే గాని యామెకు నెమ్మది లేదు. ఫైరువాలును బొత్తిగా తీసివేయుమని యెవరో సలహా చెప్పిరట! తాళపుచెవి కనబడలేదని తలుపులే యూడబెరికినట్లున్నది.

ఈ అక్కచెల్లెండ్రు వాడునది ఐ.ఆర్.సి. అను పాత చాటు పద్ధతి. దీనిని 1988 లో ఫిన్లాండు దేశమున యార్కో ఓయికారినెన్ కల్పించెను. ఇందు మాటలు సర్వరు మీదుగా పోవును. మన కంప్యూటరే ముందుగా బయటికి పోయి సర్వరును పలుకరించును గనుక రౌటరు అడ్డుచెప్పదు. ఫైలు త్రోవ వేఱు. దానికి డి.సి.సి. యని పేరు. పంపువారి కంప్యూటరు పోర్టు అను ద్వారమొకటి తెఱచి, "ఇదిగో నా చిరునామా, ఇదిగో ద్వారపు సంఖ్య" యని కబురంపును. పుచ్చుకొనువారు నేరుగా వచ్చి యా ద్వారమును తట్టవలెను. వచ్చినవారు ఇంటిలో నెవరికొఱకు వచ్చిరో రౌటరుకు తెలియదు. కావున వారిని వెలుపలనే నిలిపివేయును.

దీనినిబట్టి యొక సంగతి తేలుచున్నది. సాధారణముగ దోషము పంపువారి యింటనే యుండును. చెల్లెలు తన రౌటరును ఎంత సవరించినను ఫలముండదు.

హెక్సుచాట్ అను సాఫ్టువేరులో (దీని కడపటి కూర్పు 2024 లో వెలువడినది) మొదటి పోర్టు, చివరి పోర్టు అని రెండు గడులు కలవు. రెంటను సున్న యున్నచో ప్రతిసారియు ఏదో యొక ద్వారము తెఱవబడును. ఏది తెఱవబడునో ముందుగా తెలియనప్పుడు రౌటరుకేమని చెప్పగలము? కావున 20000 మొదలు 20010 వఱకని యుంచుడు. పోర్టులు 65535 వఱకు కలవుగాని 1024 కు లోబడినవి ముట్టవలదు. ఒక్కొక్క ఫైలుకు ఒక్కొక్క ద్వారము వలయును గనుక పదునొకండు చాలును. పిమ్మట రౌటరులో "పోర్టు ఫార్వర్డింగు" అనుచోట అవే సంఖ్యలను, టి.సి.పి. పద్ధతిని, మీ కంప్యూటరు చిరునామాను వ్రాయుడు. ఈ చిరునామాను రౌటరు అప్పుడప్పుడు మార్చుచుండును. మారకుండునట్లు అచ్చటనే స్థిరపఱుపవలెను. నిన్న పనిచేసినది నేడు పనిచేయకపోవుటకు తఱచుగా నిదియే హేతువు. ఫైరువాలులో ఆ సాఫ్టువేరునకు మాత్రము అనుమతి నిండు. చాటులో "నా చిరునామాను సర్వరునుండి గ్రహింపుము" అనుదానిని గుర్తింపుడు, లేనిచో 192.168 తో మొదలగు ఇంటిలోపలి చిరునామా చెల్లెలికి పోవును, దానిని పట్టుకొని యామె మీ వాకిలి చేరజాలదు.

ఇంత చేసినను పోనిచో రౌటరు పుటలో వెలుపలి చిరునామాను చూడుడు. అది 100.64 మొదలు 100.127 వఱకు గల సంఖ్యలతో ప్రారంభమైనచో, ఇంటర్నెట్టు వారు అనేక గృహములకు ఒకే వీధివాకిలి పెట్టినారన్నమాట. అప్పుడు మీ రౌటరును సవరించి లాభము లేదు. ప్రత్యేక చిరునామా కోరవలెను. లేదా "పాసివ్" పద్ధతిని పంపవలెను. ఇందు ద్వారము తెఱచువారు పుచ్చుకొనువారు. పైన చెప్పిన సవరణలన్నియు అప్పుడు చెల్లెలి యింట జరుగవలెను. ఇరువురిదియు ఉమ్మడివాకిలియే యైనచో డి.సి.సి. ని విడిచి వేఱు మార్గము వెదకుటయే మేలు.

సాధారణపు డి.సి.సి. లో ఫైలు గుప్తలిపిలో పోదు. ఇంటి పత్రముల వంటివి పంపునప్పుడు ముందుగా సంకేతపదముతో బంధించి, ఆ పదమును టెలిఫోనులో చెప్పుడు. ఫైళ్లన్నియు చేరినవని చెల్లెలు తెలిపిన వెనుక రౌటరులో వ్రాసిన యా సంఖ్యలను తుడిచివేయుడు.