సున్నా మీద మోజు

ఉప్పునీటి తొట్టెలో పగడాలు పెంచేవారిని ఏ విషయం మీద మాట్లాడించినా అయిదు నిమిషాల్లో మాట నాచు మీదికి వస్తుంది. నేనూ ఆ బాపతే. ఇక్కడ అమెరికాలో మా ఇంటి హాల్లో 75 గ్యాలన్ల తొట్టె ఒకటి నాలుగేళ్ళుగా ఉంది. సాహిత్యం రాసుకునే చోట ఈ చేపల గోలేమిటని మిత్రులు విసుక్కోవచ్చు. కానీ గత ఏడాది ఆ తొట్టెలో నా చేతుల మీదుగా జరిగిన సంహారం గురించి ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు మనశ్శాంతి ఉండేలా లేదు. నాచును సమూలంగా తుడిచెయ్యాలన్న మన పంతం నాచుకన్నా ప్రమాదకరమని ఇప్పుడు నా అభిప్రాయం.

మొదట రాళ్ళ మీద ఆకుపచ్చని నూగు కనబడింది. నెల తిరిగేసరికి అది జుట్టులా బెత్తెడు పెరిగి పగడాల మొదళ్ళను చుట్టేసింది. అందరిలాగే నేనూ సీసా మందు తెచ్చి పోశాను. నాచు కొంత చచ్చింది. చచ్చినది ఎక్కడికి పోతుంది? ఆ నీళ్ళలోనే కుళ్ళి, తిన్నదంతా తిరిగి నీళ్ళకే అప్పజెప్పింది. మూడు వారాల్లో కొత్త పిలకలు వచ్చాయి. ఫాస్ఫేటు కొలిస్తే మాత్రం దాదాపు సున్నా! అక్కడే మోసపోయాను. ఆ పరీక్ష నీటిలో మిగిలినదాన్నే చెబుతుంది. నాచు అప్పటికే మింగినదీ, రాళ్ళు తమలో దాచుకుని నెమ్మదిగా విడిచేదీ ఆ లెక్కలోకి రావు. జీతం వచ్చిన రోజే ఖర్చుపెట్టేసినవాడి జేబు తడిమి, వీడికి సంపాదన లేదనుకున్నట్టు.

ఆ సంగతి తెలియక, ఫాస్ఫేటును పీల్చే ఇనుప ఆక్సైడు గుళికలు పెట్టవలసినదానికి రెట్టింపు పెట్టాను. నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. నాచు పాలిపోయి రాలింది. నీళ్ళు స్ఫటికంలా తేటపడ్డాయి. విజయగర్వంతో ఫొటోలు కూడా తీశాను. పదిహేను రోజులకు ఇసుక మీద గోధుమరంగు జిగురు మొదలైంది, చీమిడిలా, దారాలు దారాలుగా, కొసల్లో గాలిబుడగలతో. డైనోఫ్లాజెల్లేట్లు! పోషకాలు అడుగంటిన తొట్టెల్లో ఇవి చెలరేగడం ఈ వ్యసనం ఉన్నవారు చాలామంది చూసినదే. వీటిలో కొన్ని జాతులకు విషం ఉంటుంది. రాళ్ళను గీకి తినే నత్తలు వరసగా వెల్లకిలా పడి చచ్చాయి. మా అమ్మాయి పేరు పెట్టి పెంచుకున్న ఆక్రోపోరా పగడం మొదలు నుంచి తెల్లబడుతూ నాలుగు రోజుల్లో అస్థిపంజరమైంది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పగడం ఒంట్లోనే సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. వెలుతురులో అవి తయారుచేసే తిండే పగడానికి ప్రధానాధారం. వాటికీ కాస్త నైట్రేటు, కాస్త ఫాస్ఫేటు కావాలి. నాచు మీద యుద్ధమంటూ నేను పగడం పొయ్యిలో నీళ్ళు పోశాను.

భీమవరం దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. ఒక ఆదివారం ఫోనులో ఆయనకు తొట్టె చూపించాను.

"మేతెంత వేస్తున్నావురా?"

"రోజుకి మూడు ఐసు రొయ్యల ముక్కలు, బాబాయ్."

"అయిదు చేపలకా! మిగతాదంతా నీళ్ళు తింటున్నాయి."

"ఇప్పుడు నీళ్ళలో ఏమీ లేదు, అంతా సున్నా," అన్నాను, గర్వం చావక.

"తెల్లనీళ్ళలో మేం పిల్లనే వదలం. ముందు నీళ్ళకి రంగు రానిచ్చి, అప్పుడు వదులుతాం. ఆ రంగు ముదిరినా ముప్పే, ఒక్కసారిగా విరిగినా ముప్పే. మందు సంగతి తరవాత, ముందు మేత తగ్గించు," అన్నారు.

చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి మర్నాటి మేత నిర్ణయించే మనిషి ఆయన. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి.

మేత ఒక సగమైతే, తినే నోళ్ళు రెండో సగం. ఆ నోళ్ళు పోతే ఏమవుతుందో సముద్రమే చూపించింది. 1983లో పనామా తీరాన మొదలైన ఒక తెగులు ఏడాదిలో కరీబియన్ అంతటా పొడుగు ముళ్ళ సీ అర్చిన్లను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. జమైకాలో నాచు తినే చేపలను అప్పటికే అతిగా పట్టేశారు. 1980లో పెనుతుపాను పగడాలను విరగ్గొట్టి ఉంది. ఇక నాచును అడ్డేవారు లేకపోయారు. 1970ల చివర సగానికి పైగా పరుచుకుని ఉన్న పగడం 1990ల తొలినాళ్ళకు 5 శాతం లోపుకు పడిపోయింది. 2022లో ఆ అర్చిన్లకు మళ్ళీ మారి తగిలింది. ఈసారి దోషి ఒక ఏకకణ జీవి అని 2023లో తేల్చారు.

అలాగని నాచు తింటుందని పచ్చని టాంగ్ చేపను నా తొట్టెకు తేలేను. దుకాణాలవారు సలహా ఇస్తూనే ఉంటారు. గడ్డి మేస్తుంది కదా అని అపార్టుమెంటులో గుర్రాన్ని కట్టేసుకోవడం అది. మందులే వద్దనే ఛాందసమూ నాకు లేదు. బ్రయోప్సిస్ అనే మొండి నాచుకు ఫ్లూకోనజోల్ పనిచేస్తుంది, పైగా దాన్ని ముట్టే జీవులు తక్కువ. ఎర్రని జిగురుకు యాంటీబయాటిక్ పోయడం మాత్రం నాకు నచ్చదు. అది నాచే కాదు, బాక్టీరియా, చస్తుంది నిజమే. కానీ ఆ నీళ్ళు చివరికి పారబోసేది మురుగుకాలవలోకే కదా!

స్మిత్సోనియన్‌లో వాల్టర్ ఏడీ 1980ల నాటికే ముల్లును ముల్లుతో తీసే దారి చూపించాడు: నాచును వేరుగా, కావాలనే పెంచి, కోసి పారెయ్యడం. నేనూ కింది తొట్టెలో కీటోమార్ఫా పెంచుతున్నాను. దానికి రాత్రిపూట దీపం. పక్షానికోసారి గుప్పెడు పీకి బయట పడేస్తాను. మేతగా లోపలికి వెళ్ళిన దాంట్లో కొంత అలా తిరిగొస్తుంది. ఐసు ముక్క ఇప్పుడు రోజుకొకటే. నైట్రేటు 5, ఫాస్ఫేటు 0.05 దగ్గర నిలబెట్టడానికి మూడు నెలలు పట్టింది. జిగురు పూర్తిగా పోవడానికి దాదాపు అంతే.

వెనక గాజు మీద నాచును గీకడం మానేశాను. కొత్త నత్తలు రాత్రి తిరిగిన వంకరటింకర దారులు పొద్దున్నే దానిమీద కనబడతాయి. ఆక్రోపోరా అస్థిపంజరాన్ని తీసేద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. దానిమీద గులాబీరంగు పొర పడుతోంది. కోరలైన్ అంటారు. అదీ నాచు జాతిదే.