మన గ్రూపులో లేనివాళ్లు

మార్చి వచ్చిందంటే కొలంబస్, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల తెలుగిళ్లలో వేసవి ప్రయాణాల లెక్కలు మొదలవుతాయి. నాలుగు కుటుంబాలు కలుస్తాయి, ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. ఈసారి హోటల్ వద్దు, చక్రాల మీది ఇల్లులాంటి ఆర్వీ అద్దెకు తీసుకుని సెడార్ పాయింట్ పార్కుకు పోదాం అంటారెవరో. ఇక అక్కణ్ణుంచి ఒకటే చర్చ. ముప్పై అడుగుల బండా, ఇరవై అయిదు అడుగులదా? జులై లాంగ్ వీకెండా, ఆగస్టా? పులిహోర ఎవరు కలుపుకొస్తారు, చికెన్‌కు మసాలా ఎవరు పట్టిస్తారు, పిల్లలకు మ్యాగీ ఎన్ని ప్యాకెట్లు? చివరికి ఎక్సెల్ షీటు తయారవుతుంది. మనకు ముందుచూపు లేదనేవాళ్లు ఒక్కసారి ఆ షీటు చూడాలి.

ఆ షీటులో ఎక్కడా కనపడని వాళ్లు కొందరుంటారు. పక్క సైట్లో టెంట్ వేసుకున్న మనిషి, రైడ్ దగ్గర ఎండలో నిలబడే కుర్రాడు, మన వెనక లైనులో గంట నుంచీ నిలబడ్డ పాప, మనం ఖాళీ చేశాక అదే సైట్లో దిగే కుటుంబం, వీళ్లందరికీ నీళ్లిచ్చే సరస్సు. మన సరదా ఖర్చులో కొంత వీళ్ల మీద పడుతుంది. ఎంత పడుతుందో మనమెవ్వరం లెక్క వెయ్యం.

వెళ్తున్న చోటు ఎలాంటిదో ముందు తెలుసుకుందాం. ఒహాయోలో శాండస్కీ ఊరి దగ్గర ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల సెడార్ పాయింట్. 1870లో జనం ఈతకొచ్చే బీచ్‌గా మొదలైంది. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న వినోద పార్కుల్లో వయసురీత్యా రెండోది. 2000లో వచ్చిన 310 అడుగుల రోలర్ కోస్టర్ మిలీనియం ఫోర్స్ ఎక్కడానికి మన పిల్లలు ఏడాది ముందునుంచీ ఉబలాటపడతారు. ఒక కొసన 1862 నాటి లైట్‌హౌస్, దాన్ని ఆనుకునే ఆర్వీలు నిలిపే క్యాంప్‌గ్రౌండ్. ఈ పార్కు ఒకప్పుడు పోవాల్సిందే. 1956లో దీన్ని చేజిక్కించుకున్న పెట్టుబడిదారులు పార్కు ఎత్తేసి ఇళ్ల స్థలాలు వేద్దామనుకున్నారు. జనం ఊరుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంటుందన్న మాట వచ్చేదాకా పోయింది. కొన్నవాళ్లు మనసు మార్చుకున్నారు. మన పిల్లలు ఇవాళ అక్కడ కేరింతలు కొడుతున్నారంటే, మనకు ముఖపరిచయం కూడా లేని ఆనాటి జనం దీన్ని తమదనుకుని అడ్డుపడబట్టే. రేపు రాబోయే వాళ్లు ఎవరో తెలియకుండానే వాళ్ల కోసం నిలబడ్డారు. మనం ఆ వరసలో తర్వాతి వాళ్లం.

సరస్సుది ఇంకా పెద్ద కథ. అయిదు మహా సరస్సుల్లో ఈరీ అన్నిటికన్నా లోతు తక్కువది. అందువల్ల తొందరగా పాడవుతుంది, శ్రద్ధ పెడితే తొందరగా కోలుకుంటుంది కూడా. 1960ల్లో ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, ఫాస్ఫేట్ ఉన్న బట్టల సబ్బులు కలిసి దీన్ని చంపినంత పని చేశాయి. క్లీవ్‌లాండ్ దగ్గర ఇందులో కలిసే కయహోగా నది 1969లో నీటి మీది నూనె తెట్టుతో అంటుకుని మండింది. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని సబ్బుల్లో ఫాస్ఫేటు తగ్గించాయి, మురుగుశుద్ధికి డబ్బు పెట్టాయి. నీళ్లు తేరుకున్నాయి.

తేరుకున్నాయనడానికి సాక్ష్యం మన పిల్లలు అసహ్యించుకునే ఒక పురుగు. జూన్‌లో ఈ తీరానికి వెళ్లినవాళ్లకు మేఫ్లైలు తెలుసు. తొలకరికి మన వీధి దీపాల చుట్టూ ఉసుళ్లు మూగినట్టు ఇవి పెట్రోలు బంకుల గోడల మీద, ఆర్వీ అద్దాల మీద వేలకు వేలు వాలతాయి. పొద్దున్న దుకాణాల వాళ్లు చీపుళ్లతో ఎత్తిపోస్తుంటారు. ఇదేం దిక్కుమాలిన చోటని మనం విసుక్కుంటాం. నిజానికి సరస్సు అడుగు బురదలో ప్రాణవాయువు ఉంటేనే ఆ పురుగు పిల్ల బతుకుతుంది. 1950ల్లో అవి దాదాపు మాయమైపోయాయి. మళ్లీ గుంపులుగా లేచింది 1990ల్లోనే. ఎంతోమంది తలా ఒక చెయ్యి వేస్తే నలభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన ప్రాణాలవి.

బాగుపడింది బాగుపడ్డట్టే ఉండిపోదు. పొలాల ఎరువుల్లోంచి, పశువుల పేడలోంచి మామీ నది మోసుకొచ్చే ఫాస్ఫరస్‌తో సరస్సు పడమటి భాగం వేసవిలో మళ్లీ పచ్చని నాచు కక్కుతోంది. 2014 ఆగస్టు 2న టొలీడో నగరంలో కుళాయి నీళ్లు తాగొద్దని ప్రకటించారు. మరిగించినా విషం పోదు, ఇంకా చిక్కబడుతుందన్నారు. 4 లక్షల మందికి పైగా మూడు రోజుల పాటు సీసా నీళ్ల కోసం పరుగులు పెట్టారు. డెట్రాయిట్ నుంచి మన ఆర్వీ శాండస్కీకి వెళ్లేది ఆ ఊరి మీదుగానే. 2019లో ఆ ఊరి ఓటర్లు ఈరీ సరస్సుకే హక్కులున్నాయని తీర్మానం గెలిపించారు. మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం ఓడిపోయినా ఒక ఊరి ఓటర్లు సరస్సు తరఫున ఓటేసిన సంగతి మిగిలింది.

ఇప్పుడు మన క్యాంప్‌సైట్‌కు వద్దాం. నాలుగు కుటుంబాల భోజనాలయ్యాయి. సింకు కింద గ్రే ట్యాంక్ నిండిపోయింది. సాంబారు, వేపుడు నూనె కలిసిన నీళ్లు. మురుగు వదిలే డంప్ స్టేషన్ దాకా బండి కదిలించాలంటే బద్ధకం. చీకటి పడ్డాక గొట్టం కాస్త వదులు చేసి చెట్టు మొదట్లో వదిలేద్దామన్న సలహా వస్తుంది. ఒక్క ట్యాంకుకు ఇంత పెద్ద సరస్సు ఏమైపోతుంది అంటాడొకాయన. నిజమే, ఏమీ కాదు. సరస్సును పాడు చేసేది పొలాల ఎరువే తప్ప మన సాంబారు కాదు. మరి మామీ నది ఒడ్డున ఒక్కో రైతును అడిగి చూడండి, నా నలభై ఎకరాల ఎరువుతో ఏమవుతుందనే అంటాడు. అతనిదీ నిజమే. ఇలా అందరి నిజాలూ కలిసే టొలీడోలో బిడ్డ తల్లికి పాలు కలపడానికి నీళ్లు లేకుండా చేశాయి. నా వంతు చిన్నదన్న మాట ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది కాబట్టే దాన్ని ఎవ్వరూ వాడుకోకూడదు.

హుస్సేన్‌సాగర్ పక్కన ముక్కు మూసుకుని బండి తోలిన తరం మనది. ఒకప్పుడు హైదరాబాదు తాగిన నీళ్లవి. ఎవరు పాడు చేశారంటే ఇవాళ ఒక్క పేరు చెప్పలేం. పేరు చెప్పలేని నేరమెలా జరుగుతుందో మనకు ఎవరూ వేరే పాఠం చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున డంప్ స్టేషన్ దగ్గర కాసేపు నిలబడితే మనిషి తత్వం తెలిసిపోతుంది. అందరికీ పదకొండు లోపల బయల్దేరాలని తొందర. పద్ధతి తెలిసినవాడు చేతికి గ్లవుజులు వేసుకుంటాడు, ముందు మరుగుదొడ్డి బ్లాక్ ట్యాంక్ వదిలి, తర్వాత గ్రే ట్యాంక్ నీళ్లతో గొట్టం కడిగేస్తాడు. ఒలికిన చుక్క ఉంటే నీళ్లు కొట్టి మరీ వెళతాడు. తొందరపాటు మనిషి గొట్టం లాగేసి, కారుతున్నది కారుతుండగానే పోతాడు. ఇంకొకాయన ఆ మురుగు గొట్టాన్ని తాగే నీళ్ల కుళాయికి తగిలించి కడుగుతాడు. వెనక వచ్చే తల్లి అదే కుళాయి కింద బిడ్డ సీసా పడుతుంది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. తెలిస్తే చచ్చినా ఆ పని చెయ్యడు. మనకు పేరు తెలిసిన మనిషి దగ్గర మనందరం మంచివాళ్లమే. తెలియని మనిషి దగ్గరే మన సంగతి బయటపడేది.

కట్టెల సంగతీ అంతే. క్యాంప్‌ఫైర్ కోసం ఇంటి వెనక కొట్టిన దుంగల్ని డిక్కీలో వేసుకెళ్లడం పొదుపనుకుంటాం. 2002లో డెట్రాయిట్ దగ్గర గుర్తించిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు అలా కట్టెల్లో దాక్కునే రాష్ట్రాలు దాటింది. కోట్లాది యాష్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. కట్టెలు అక్కడే కొనండి. మిగిలినవి అక్కడే వదిలేయండి.

రోడ్డు మీద కూడా మన గ్రూపులో లేనివాళ్లుంటారు. ఆర్వీ లోపల సోఫా, పొయ్యి, పరుపు చూసి ఇల్లనుకుంటాం. కదిలినంతసేపూ అది లారీయే. పెద్ద బండయితే ఆరు టన్నులు దాటుతుంది, మామూలు లైసెన్సుతోనే అద్దెకిస్తారు. శుక్రవారం సాయంత్రం దాకా ఆఫీసు మీటింగుల్లో ఉండి, రాత్రికి రాత్రి టర్న్‌పైక్ ఎక్కే వాళ్లు ఎదుటి కార్ల వాళ్ల ప్రాణాలు కూడా చేతిలో పెట్టుకుని వెళ్తున్నారు. వెనక పిల్లలు పై బెర్తు మీద గెంతుతుంటే, ఇంకొకరు నిలబడి ఉప్మా కలుపుతుంటే, అదంతా వినోదమని వీడియో తీస్తున్నాం. బెల్టులెన్నో మనుషులంతే. మిగిలినవాళ్లు కారులో రావాలి.

పార్కులోకి వెళ్లాక లైన్ల పరీక్ష. శనివారం స్టీల్ వెంజన్స్ అనే రోలర్ కోస్టర్ దగ్గర గంటకు పైగా నిలబడాల్సి రావచ్చు. ఒకాయన్ని ముందు నిలబెట్టి, చివర్లో తొమ్మిదిమంది ‘ఎక్స్‌క్యూజ్ మీ, మై ఫ్యామిలీ’ అంటూ కడ్డీల కిందనుంచి దూరడం మనకు తెలివి. వెనకనున్న ఆ పాప నాన్న చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినీ వేళ్ల మీద లెక్కపెడుతుంది. పెద్దవాళ్లు ఏం చేస్తే చెల్లుతుందో ఆ పిల్లకు ఆ పూట మనం నేర్పించాం. మన పిల్లలకూ నేర్పించాం.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర ఇంకో రకం. మిలీనియం ఫోర్స్‌కు 48 అంగుళాలుండాలి. పిల్లాడు ముప్పావు అంగుళం తక్కువైతే బూట్లలో టిష్యూలు కుక్కి నిలబెడతాం. దొరికిపోతే రైడ్ దగ్గర నిలబడ్డ ఆ కుర్రాడి మీద గొంతు పెంచుతాం. వాడు వేసవి ఉద్యోగానికొచ్చిన కాలేజీ పిల్లాడు, బహుశా జె-1 వీసా మీద వేరే దేశం నుంచి వచ్చినవాడు. మన పిల్లలు కూడా రేపు ఇలాంటి పనికి వెళతారు. ఒంటికి సరిపడని పట్టీ వేగంలో పట్టి ఉంచదు కాబట్టి వాడు అడ్డు చెబుతున్నాడు. మన బిడ్డ ప్రాణం గురించి మనకంటే పట్టింపుగా ఉన్నవాణ్ని మేనేజరును పిలవమని బెదిరిస్తున్నాం. 1913 వేసవిలో ఈ బీచ్‌లోనే లైఫ్‌గార్డుగా చేసిన క్నూట్ రాక్నీ తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్‌లో మహా కోచ్ అయ్యాడు. ఈ కుర్రాడు ఏమీ కాకపోవచ్చు. అయినా మర్యాద తగ్గకూడదు.

గ్రూపులో పేరుండీ లెక్కలోకి రానివాళ్ల మాటా చెప్పాలి. ఇంట్లో వండే ఆవిడే ఆర్వీలోనూ వండుతుంది, తేడా అల్లా అక్కడ చెయ్యి చాపితే గోడ తగులుతుంది. ఆమెకు సెలవెప్పుడు? ఊరి నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తగారిని స్ట్రోలరూ సంచులూ కాపలా పెట్టి బెంచీ మీద కూర్చోబెట్టేస్తాం. అమ్మా, మీకేం చూడాలనుంది అని అడిగినవాళ్లుంటే చెప్పండి. బయటివాళ్ల పట్ల మనస్సాక్షి అలవడాలంటే అభ్యాసం ఇక్కడే మొదలవ్వాలి. మగవాళ్లు ఒక పూట పొయ్యి దగ్గర నిలబడండి, ఒక సాయంత్రం పెద్దావిడతో బీచ్ వెంట నడవండి.

ఇవన్నీ చెబితే రెండు జవాబులొస్తాయి. తెల్లవాళ్లు చెయ్యట్లేదా అన్నది మొదటిది. చేస్తున్నారు. అందువల్ల సరస్సుకు ఏమైనా ఒరిగిందా? రెండోది మంచి మాటలా వినపడుతుంది: జాగ్రత్తగా ఉందాం, మనవాళ్ల పరువు పోతుంది. నాకు ఇదే ఎక్కువ భయం. పరువు కోసం బతికేవాడు ఎవరూ చూడని చీకట్లో గొట్టం వదులు చేస్తాడు. రాత్రి పది తర్వాత స్పీకరు కట్టేయాల్సింది పక్క టెంటులో వారమంతా షిఫ్టులు చేసి వచ్చిన మనిషి నిద్రపోతున్నాడు కాబట్టి. అతనికి మనం తెలుగువాళ్లమో కాదో తెలియకపోయినా ఆ నిద్ర అతనిదే.

విడివిడిగా మనలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్క కుటుంబమే వెళ్తే లైనులో బుద్ధిగా నిలబడతాం, సైటు ఊడ్చి వస్తాం. ఇరవైమంది చేరగానే తప్పు తలా కాస్త పంచుకుని, ఎవరి వంతుకూ ఏమీ రాలేదనుకుంటాం. గొట్టం దగ్గర, కడ్డీల దగ్గర, స్పీకరు దగ్గర ఇది బాగాలేదని గుంపులో ఒకరిద్దరికైనా అనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ కూడా క్లాసులేనా అంటారని నోరు విప్పరు. ఆ మౌనమే అసలు సమస్య.

నోరు విప్పిన మొదటివాడిని గుంపు నవ్వేస్తుంది. ‘ఆయన చెప్పింది నిజమే, పదండి డంప్ స్టేషన్‌కి’ అని రెండోవాడు లేచినప్పుడు నవ్వు ఆగిపోతుంది, మూడోవాడు తాళాలు తీసుకుంటాడు. 1956లో ఈ పార్కు నిలిచినా, 1972 తర్వాత ఈ నీళ్లు తేరుకున్నా, మొదటి గొంతు వెనక రెండో గొంతు కలవబట్టే. మొదటివాళ్లం కావడానికి ధైర్యం చాలకపోతే పోనీ, ఈ వేసవికి కనీసం రెండోవాళ్లం అవుదాం.