పదొస్తే లక్ష... తొమ్మిదొస్తే?

ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డుల్ని అమెరికా పంపించి, గ్రేడు వేయించి, నాలుగింతలకి అమ్ముకోవచ్చన్న మాట తిరిగి తిరిగి ఇక్కడ సల్వాలో మా బిల్డింగు దాకా వచ్చేసింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కార్డు విలువ అంచనా అని జనం అంటున్నది అంచనా కాదు, ఆశ. అసలు లెక్క వేరే ఉంది. అదేమంత కష్టమైనదీ కాదు, ఇంటర్మీడియట్లో చదువుకున్న ప్రాబబిలిటీ చాలు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో పాటు క్రికెటర్ల బొమ్మలొచ్చేవి, రెజ్లర్ల ట్రంప్ కార్డులుండేవి, గుర్తుందా? అమెరికాలో అలాంటివే బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళవి పెద్ద వ్యాపారం. కార్డు అసలుదేనా, ఎంత బాగుంది అని చూసి ఒకటి నుంచి పది దాకా మార్కులేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే కంపెనీలున్నాయి. 1991లో కాలిఫోర్నియాలో మొదలైన పి.ఎస్.ఏ. వాటిలో బాగా పేరున్నది. బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా, మూలలు, అంచులు, పైభాగం ఎలా ఉన్నాయి అనే నాలుగూ చూస్తారు. పదికీ తొమ్మిదికీ తేడా మన కంటికి చాలాసార్లు కనపడదు. ధరలో మాత్రం రెండు మూడు రెట్లు, ఒక్కోసారి పది రెట్లు ఉంటుంది. చిక్కంతా ఇక్కడే.

మా బిల్డింగులో రాజంపేట వైపు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నారు. వాళ్ళబ్బాయి దగ్గర ఫుట్‌బాల్‌వీ, క్రికెట్‌వీ మంచి కార్డులు ఓ ముప్పై ఉన్నాయి. "పదొస్తే ఒక్కోటి లక్ష దాకా పలికేవి ఉన్నాయంట తమ్ముడూ, నువ్వు కంప్యూటర్ వాడివి, చూసి చెప్పు" అన్నారు. పంపడానికి చీటీ పాడిన డబ్బులోంచి 600 దీనార్లు తీస్తానంటున్నారు. అది ఆయనకి రెండు నెలల జీతం పైమాటే. అందుకే ఈ విషయం ఇంత సీరియస్‌గా రాస్తున్నాను.

ఆయనకి చూపించిన లెక్కే మీకూ చూపిస్తాను. అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవి, మీ కార్డుకి మీ అంకెలు వేసుకోండి. గ్రేడు లేకుండా ఈరోజు అమ్మితే 40 దీనార్లు వచ్చే కార్డు. పదొస్తే 150, తొమ్మిదొస్తే 45, ఎనిమిదో అంతకన్నా తక్కువో వస్తే 25 (తక్కువ గ్రేడు పడిన కార్డు ఒక్కోసారి గ్రేడు లేని కార్డు కన్నా చవకైపోతుంది, ఇది చాలామంది మర్చిపోతారు). పది వచ్చే అవకాశం నూటికి 20, తొమ్మిదికి 50, మిగతాదానికి 30 అనుకుందాం. అప్పుడు సగటున వచ్చేది 30 + 22.5 + 7.5, అంటే 60 దీనార్లు. ఆహా అనిపిస్తుంది కదా? ఆగండి. అమ్మిపెట్టినవాళ్ళ కమిషన్ 12 శాతం తీసేస్తే 52.8. ఫీజు, పోను రాను కొరియరు, ఇన్సూరెన్సు కలిపి కార్డుకి 20 వేసుకుంటే మిగిలేది 32.8. అదే కార్డుని ఇవాళే అమ్మితే, అదే కమిషన్ పోను 35.2. అంటే నెలలు నెలలు ఎదురు చూసి రెండు దీనార్ల పైన నష్టపోవడానికి ఇంత హడావుడి!

అదే పది వచ్చే అవకాశం 25, తొమ్మిదికి 45 అనుకుని మళ్ళీ లెక్క కట్టండి, 37.4 వస్తుంది. లాభమే. ఈ లెక్కలో లాభనష్టాల గీత సుమారు 22.6 దగ్గరుంది. ఇప్పుడు చెప్పండి, కార్డు చేతిలో పట్టుకుని "దీనికి పదొచ్చే అవకాశం 20 కాదు, 25" అని చెప్పగలవాళ్ళు ఎంతమంది? భూతద్దంతో చూసినా నేను చెప్పలేను. నిర్ణయమంతా మనకి తెలియని అంకె మీద నిలబడి ఉంటే, తెలిసిన అంకెల్ని రెండు దశాంశాల దాకా కూడి ఏం లాభం?

"ఏ కార్డుకి ఎన్ని పదులొచ్చాయో కంపెనీవాళ్ళే లెక్కలు పెడతారు కదా" అనొచ్చు. పెడతారు. 1989లో అప్పర్ డెక్ వేసిన కెన్ గ్రిఫీ జూనియర్ కార్డునే తీసుకోండి. పి.ఎస్.ఏ.కి చేరినవి లక్ష దాకా ఉంటే, పది వచ్చినవి నాలుగు వేల పైచిలుకు. అంటే నూటికి నాలుగైదు! అదీ పంపినవాళ్ళు తమ దగ్గరున్నవాటిలో బాగున్నవి ఏరి పంపాక. మూల నలిగిన కార్డుని డబ్బు పోసి ఎవరూ పంపరు కదా. మనం ఏరకుండా ముప్పైకి ముప్పై పంపితే, ఆ శాతం కూడా మనకి వర్తించదు.

ఇక ధర. 1986 ఫ్లీర్ మైకేల్ జోర్డన్ కార్డు, పది గ్రేడుది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లకి అమ్ముడైంది. ఆ ఊపులో జనం అటకల మీద పెట్టెలన్నీ దింపి పంపించేశారు. తాకిడి తట్టుకోలేక ఆ మార్చి ఆఖరుకి పి.ఎస్.ఏ. తన సర్వీసులు చాలావరకు కొన్నాళ్ళు ఆపేసింది. 2022 వచ్చేసరికి అదే గ్రేడు జోర్డన్ కార్డు రెండు లక్షల డాలర్ల చుట్టుపక్కలకి దిగింది. పంపిన రోజు ధర వేరు, తిరిగొచ్చిన రోజు ధర వేరు. మన క్రికెట్ కార్డులకి ఇంకో ఇబ్బంది, కొనేవాళ్ళు తక్కువ. ఎక్కడో ఒకాయన ఒక్కసారి ఇచ్చిన రేటుని మార్కెట్ ధర అనుకోకూడదు.

అసలు అరుదు అనేది ఎలా పుడుతుంది? దానికి ఉదాహరణ మనమున్న ఈ కువైట్‌లోనే ఉంది. బంగారం దొంగరవాణాతో విదేశీ మారకం కరిగిపోతోందని 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా రూపాయి నోట్లు వేసింది. వేరే రంగులు, నంబరు ముందు జెడ్ అక్షరం. 1961లో కువైట్ దీనారు రాగానే జనం ఆ నోట్లని పదమూడు రూపాయల చిల్లరకి ఒక దీనారు చొప్పున మార్చేసుకున్నారు. దాచాలని ఎవరికీ తోచలేదు, అందుకే ఇవాళ వాటి కోసం సేకరించేవాళ్ళు వెతుకుతారు. ఇప్పటి కార్డులు దానికి పూర్తిగా ఉల్టా. పాకెట్ చింపిన క్షణం నుంచే ప్రతివాడూ ప్లాస్టిక్ తొడుగులో పెట్టి దాస్తున్నాడు. అందరూ దాచేది అరుదెలా అవుతుందండీ?

అయితే గ్రేడింగే మోసమా అంటే, నేనలా అనను. వేల మైళ్ళ దూరంలో ఉన్న, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర పాత, ఖరీదైన కార్డు కొనేటప్పుడు అది నకిలీ కాదని చెప్పే మూడోమనిషి కావాలి. ఆ పని విలువైనదే. కానీ ఆ మూడోమనిషి కూడా దేవుడేం కాదు. పి.ఎస్.ఏ. మొట్టమొదట గ్రేడు వేసిన హోనస్ వాగ్నర్ కార్డుకి ఎనిమిదిచ్చారు. దాని అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో ఒప్పుకున్నాడు!

కాబట్టి నేను పాటించమనే సూత్రం ఒక్కటే. పదొస్తే ఎంత అని చూడకండి. తొమ్మిదొస్తే ఖర్చులు పోను చేతికొచ్చేది, ఇవాళ అలాగే అమ్మితే వచ్చేదానికన్నా తక్కువ కాకుండా ఉంటుందా? ఉంటే ఆ ఒక్క కార్డు పంపండి. ముప్పైలో అలాంటివి ఒకటో రెండో తేలితే గొప్ప. మిగతావి పిల్లల దగ్గరే ఉండనివ్వండి. చీటీ డబ్బుకి ఊళ్ళో అంతకన్నా గట్టి పనులుంటాయి.

మీలో ఎవరైనా పంపి చూసినవాళ్ళుంటే లెక్కలతో సహా చెప్పండి. లాభం వచ్చిన ఒక్క కార్డు గురించే కాదు, కట్ట మొత్తం గురించి :)