తాళం ఎవరికి తీశారు?

2021 జూన్ 19న తెలంగాణ మంత్రివర్గం సమావేశమై మర్నాటి నుంచి లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తివేస్తున్నామని ప్రకటించింది. కేసులు తగ్గాయి, పాజిటివిటీ పడిపోయింది, జనం బతుకుతెరువు ఇంకా దెబ్బతినకూడదు అన్నారు. టీకాలు పడుతున్నాయి గదా అన్న ధీమా కూడా ఆ మాటల వెనక ఉంది. ఎత్తివేయడం మీద నాకు పేచీ లేదు. అంతకు ముందు ఐదు వారాలు కూలి దొరకక, దొరికినా చేరుకునే దారి లేక, రేషన్ బియ్యంతో నెట్టుకొచ్చిన ఆడవాళ్ళ ఇళ్ళు చూసినవాళ్ళెవరూ ఆంక్షలు ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండేదని అనరు.

నా పేచీ ఆ తర్వాత అల్లిన కథతో. టీకా వచ్చింది, దాని వెనకే ఒక్కొక్క ఆంక్షా పోయింది, డిసెంబర్ నెలాఖరుకు మొదటి డోసు నూరు శాతం పూర్తయింది, మళ్ళీ అంటువ్యాధి వస్తే ఇదే మన నమూనా. ఈ కథను ప్రభుత్వం చెప్పుకుంటే అర్థం చేసుకోవచ్చు. మన సంస్థల శిక్షణా తరగతుల్లో, మన వాళ్ళే, విజయగాథగా చెబుతుంటే ఊరుకోవడం కష్టం. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆంక్షలు సడలిన వరసకూ టీకా పడిన వరసకూ ఉన్న సంబంధం చాలా తక్కువ. ఎవరి ఖర్చు ఖజానాకు ఆదాయమో, ఎవరి చేతిలో ఓటు వెంటనే కావాలో, ఆ తలుపులు ముందు తెరిచారు. స్త్రీలు పిల్లల్ని వదిలి పనికి పోగలిగే చోటు, తిండి తినగలిగే చోటు, దెబ్బలు తిన్న రాత్రి తెల్లారి పరుగెత్తగలిగే చోటు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా తెరుచుకున్నాయి.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2020 మార్చి 22 నుంచి ఇళ్ళలో కూర్చోమన్నారు. మే 6న మద్యం దుకాణాలు తెరిచారు, ధరలు పెంచి మరీ. అప్పటికి టీకా లేదు. ముంబై, పుణె నుంచి పాలమూరు వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని ఇంకా దారుల్లోనే ఉన్నారు. బడి లేదు, అంగన్‌వాడీ లేదు, ఆర్టీసీ బస్సు లేదు. వైన్ షాపు ముందు మాత్రం మనిషికీ మనిషికీ దూరం ఉండాలని సున్నంతో గుండ్రాలు గీశారు. రెండోసారి, 2021 మే 12న లాక్‌డౌన్ పెట్టినప్పుడు రోజుకు నాలుగు గంటలు, పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు ఇచ్చారు. ఆ నాలుగు గంటల్లోనే వైన్ షాపులకూ అనుమతి. తెల్లారి ఆరింటికి సారాయి దొరికే ఏర్పాటు కోసం ఇంత శ్రద్ధగా ఆలోచించిన ప్రభుత్వాన్ని 1992లో దూబగుంట స్త్రీలు కూడా చూసి ఉండరు.

ఆ నాలుగు గంటలు ఇంట్లో ఉన్న స్త్రీకి ఏమిటి? నీళ్ళు, పొయ్యి, పశువులు, రేషన్ షాపు ముందు వరస. పది దాటితే రోడ్డు మీద పోలీసు. రాత్రి దెబ్బలు తిన్న మనిషి మండల కేంద్రానికి పోవాలంటే ఆ పనులన్నీ ఎవరికో అప్పజెప్పి, బస్సులేని పది పదిహేను కిలోమీటర్లు నడిచి, పదిలోపు మళ్ళీ ఇంట్లో ఉండాలి. 181కి ఫోన్ చెయ్యమన్నారు. ఫోన్ కొట్టినవాడి జేబులో ఉంది. జాతీయ మహిళా కమిషన్‌కు 2020లో 23 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి, అంతకు ముందు ఐదేళ్ళలో ఏ ఏడూ అన్ని రాలేదు. అందులో ఐదు వేలకు పైగా గృహహింసవే. మన తండాల నుంచి ఢిల్లీకి ఫిర్యాదు పంపగలిగినవాళ్ళు ఎందరుంటారో చదివేవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఎన్నికలు. రెండో విడత జబ్బు ముదురుతున్న 2021 ఏప్రిల్ 14న హాలియాలో ముఖ్యమంత్రి బహిరంగ సభ జరిగింది. 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక పోలింగ్. 19న ముఖ్యమంత్రికే కోవిడ్ సోకినట్టు ప్రకటించారు. 20 నుంచి రాష్ట్రమంతా రాత్రి కర్ఫ్యూ. కర్ఫ్యూ నడుస్తుండగానే 30న నకిరేకల్, జడ్చర్ల, అచ్చంపేట మున్సిపాలిటీలకు పోలింగ్ జరిపారు. పన్నెండు రోజుల తర్వాత పెళ్ళికి నలభై మంది, చావుకు ఇరవై మంది అని తలలు లెక్కపెట్టారు. భర్త శవం వెంట తోబుట్టువులను కూడా రానివ్వలేదని ఏడ్చిన స్త్రీకి హాలియా సభను ఏమని వివరించాలి?

టీకాల వరస చూద్దాం. జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలై, మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకు, ఏప్రిల్ 1 నుంచి నలభై ఐదు దాటినవాళ్ళకు, మే 1 నుంచి పద్ధెనిమిది దాటిన అందరికీ అన్నారు. అందరికీ అన్నమాట నిజం కాదు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ వేయకూడదని కేంద్రం మొదట్లోనే ఆదేశాలిచ్చింది. పాలిచ్చే తల్లులకు మే 19న అనుమతి వచ్చింది. గర్భిణులకు జూలై 2న. అంటే జూన్ 20న తలుపులన్నీ బార్లా తెరిచిన రోజున ఈ రాష్ట్రంలో ఏ గర్భిణికీ టీకా వేయించుకునే అర్హతే లేదు. సంతకూ, కల్లు కాంపౌండుకూ, బార్‌కూ పోయి వచ్చే మగవాడికి ఒక డోసైనా పడి ఉండవచ్చు. అతని పక్కన పడుకునే ఏడో నెల భార్యకు మాత్రం ఏ రక్షణా లేదు, ఆమెను ఎవరూ అడగనూ లేదు. గర్భిణులను ప్రయోగాల్లో చేర్చుకోలేదు కాబట్టి సమాచారం లేదన్నారు. సమాచారం లేదు కాబట్టి టీకా లేదన్నారు. స్త్రీ శరీరం ఎప్పుడూ పరిశోధన అయిపోయాక గుర్తుకొచ్చే విషయమే.

సడలింపుకు టీకా ఆధారమైతే ఇంకొకటి కూడా అడగాలి. మే నెలలో నిల్వలు లేక రాష్ట్రంలో కొన్నాళ్ళు టీకాలే ఆపేశారు. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచారు. మేలో మొదటి సూది పడినవాళ్ళకు రెండోది ఆగస్టులో గానీ రాదు. జూన్ నెలాఖరుకు దేశంలో వేసిన 30 కోట్ల పైచిలుకు డోసుల్లో స్త్రీలకు చేరినవి సుమారు 14 కోట్లు, పురుషులకు దాదాపు 17 కోట్లు. జనాభాలో ఆడవాళ్ళ వాటా తక్కువ కాబట్టి అని కొందరు సర్దిచెప్పారు. ఆ వాటాతో పూడేంత చిన్న తేడా కాదిది.

తేడా ఎక్కడినుంచి వచ్చింది? దేవరకొండ దాటి ఉన్న ఒక తండాలో ముప్పై ఏళ్ళ లంబాడా స్త్రీ నాతో చెప్పిన మాట ఇది: "నాకు ఫోన్ ఏడికెల్లొస్తది మేడం? నంబరు ఆయనది. ఆయన పుణెల ఉండె. మెసేజ్ ఆడికి పోయింది, ఈడ నేను సూది కాడ నిలబడ్డ." పద్ధెనిమిది నుంచి నలభై నాలుగేళ్ళ వాళ్ళు కోవిన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలని మేలో నిబంధన. ఒక్క నంబరు మీద నలుగురి దాకా నమోదు చెయ్యవచ్చు, అంటే ఇంటికొక ఫోనుంటే చాలని లెక్క. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది లెక్కలో లేదు. నెలాఖరున ఈ డిజిటల్ అంతరాన్ని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. మండుటెండలో ఉపాధి హామీ మట్టి తవ్వుతున్న స్త్రీకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

అదే సమయంలో ఇంటింటికీ తిరిగి జ్వరం సర్వే చేసింది ఆశా కార్యకర్తలు. పేర్లు రాసింది వాళ్ళే, మందుల కిట్లు ఇచ్చింది వాళ్ళే, టీకా వేసుకోనివాళ్ళ గుమ్మం ముందు తిట్లు తిన్నదీ వాళ్ళే. నూరు శాతం అన్న అంకె వాళ్ళ కాళ్ళ మీద నడిచి వచ్చింది. పండగ చేసుకున్న రోజున కూడా వాళ్ళు ప్రభుత్వ రికార్డుల్లో కార్మికులు కారు.

ఇక్కడ మన సంగతి మాట్లాడుకోవాలి. ఆ రోజుల్లో మన సంస్థల్లో చాలా వాటికి దొరికిన పని "అపోహలు తొలగించడం". స్త్రీలు మూఢనమ్మకాలతో టీకాకు భయపడుతున్నారు, మనం పోయి చైతన్యం చెయ్యాలి. ఫ్లెక్సీలు వేశాం, పాటలు కట్టాం, ఫొటోలు పంపాం. నేనూ రెండు మూడు సమావేశాల్లో మాట్లాడాను, దాచుకోను. టీకా అవసరమే, ప్రాణాలు కాపాడింది కూడా. కానీ ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరు? 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పేద స్త్రీల మీద ప్రయోగించబోయినప్పుడు, అది ప్రయోగమని వాళ్ళకు సరిగ్గా చెప్పలేదని బయటపెట్టి, మరుసటి ఏడు సుప్రీంకోర్టుకెక్కింది స్త్రీశక్తి సంఘటన, దానితోపాటు మరికొన్ని స్త్రీల సంఘాలు. 2009లో ఖమ్మం జిల్లాలో హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను పరిశోధన పేరిట వేసినప్పుడు, తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేయవలసి వచ్చింది. బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది గానీ, సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఈ చరిత్రంతా రాసింది మనమే, కరపత్రాలు పంచింది మనమే. 2021 వచ్చేసరికి ఆ జ్ఞాపకానికి "అపోహ" అని పేరు పెట్టిందీ మనమే.

సూదికి భయపడే స్త్రీ అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. జ్వరమొస్తే రేపటి కూలి ఎవరిస్తారు? నెలసరి తప్పితే ఎవరిని అడగాలి? ఏమన్నా అయితే ఆస్పత్రికి ఎట్లా పోవాలి? వీటికి జవాబు ఫ్లెక్సీ కాదు. రెండు రోజుల కూలి, ఊళ్ళో కూర్చునే నర్సు, ఒక బండి. ఇవి ఇమ్మని మనం గట్టిగా అడిగి ఉండవలసింది.

ఒప్పించడం వదిలి బెదిరించడం ఎంత దగ్గరలో ఉంటుందో కూడా చూశాం. 2021 అక్టోబర్ చివర్లో, టీకా వేసుకోనివాళ్ళకు నవంబర్ నుంచి రేషన్, పింఛన్ ఆపేస్తారని వార్త పాకింది. ప్రజారోగ్య శాఖ అధికారులు అలాంటి నిర్ణయం లేదని ఖండించారు. ఖండన పత్రికలో వచ్చింది, వార్త ఊళ్ళో ఉండిపోయింది. వితంతు పింఛనే ఆధారమైన ముసలివాళ్ళు ఆ భయంతోనే వచ్చి నిలబడ్డారు. దాన్ని మనం మన నివేదికల్లో "స్పందన" అని రాసుకున్నాం. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, శరీరం మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని చెప్పింది. స్త్రీల హక్కుల ఉద్యమం నలభై ఏళ్ళుగా చెబుతున్న మాటే అది. ఆ కేసులో మన గొంతు వినిపించకపోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వచ్చేసారి సూది పట్టుకుని ఊళ్ళోకి పోయేటప్పుడు ఇంకొకటి కూడా ఎదురవుతుంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ఆస్పత్రిలో ఒక్క రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు స్త్రీలు చనిపోయారు. నూరు శాతం అంకె వెంట పరుగెత్తే అలవాటు టీకాలతో మొదలైందీ కాదు, టీకాలతో ఆగిందీ కాదు.

చివరగా మూసి ఉంచిన చోట్లు. జూన్ 20న బార్లకు అనుమతి వచ్చింది. అంగన్‌వాడీలు, బడులు సెప్టెంబర్ 1 దాకా తెరవలేదు. మధ్యలో డెబ్భై మూడు రోజులు. అంగన్‌వాడీలో గర్భిణికి ఆరోగ్యలక్ష్మి కింద రోజూ ఒక పూట పూర్తి భోజనం అక్కడే కూర్చోబెట్టి పెట్టాలన్న నియమం వెనక ఒక అనుభవం ఉంది: ఇంటికిస్తే అది ఆమె కంచంలోకి రాదు. కోవిడ్ కాలంలో సరుకులు ఇంటికే ఇచ్చారు. గుడ్డు ఎవరు తిన్నారో అడగకండి. గురుకులాలు ఇంకా ఆలస్యం, హైకోర్టు ఆపడంతో అక్టోబర్ దాకా మూసే ఉన్నాయి. పిల్లలకు అప్పటికి టీకా లేదు, కోర్టు ఆందోళన తప్పని నేను అనను. అయితే తండా నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్లకు గురుకులం చదువొక్కటే కాదు. మూడు పూటల తిండి, పెళ్ళిచూపుల నుంచి దూరం. హాస్టల్ మూతబడిన పద్దెనిమిది నెలల్లో ఎందరి మెడలో పుస్తె పడిందో మన దగ్గరున్న ఊళ్ళ పేర్లు చాలు చెప్పడానికి.

లాక్‌డౌన్ విధించింది 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద. అదే చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించి సవరించాలి. అందులో అంటువ్యాధి అధ్యాయంలో సడలింపు వరస రాయించడం మన చేతిలో ఉన్న పని. ముందు అంగన్‌వాడీ భోజనం, కాన్పుల ఆస్పత్రికి బండి, మండల కేంద్రానికి రోజుకు రెండు బస్సులు, సఖి కేంద్రం తలుపు. తర్వాత బడి, హాస్టల్. మద్యం దుకాణం అన్నిటికన్నా ఆఖరు. గర్భిణులకు టీకా మీద నిర్ణయం జరగకుండా పూర్తి సడలింపు లేదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి కలెక్టరేట్లలో ఆ ప్రణాళికల ప్రతులు సమాచార హక్కు కింద అడిగి తీసుకోవచ్చు. ఏ జిల్లాలో ఎవరు దరఖాస్తు పెడతారో మనలో మనం పంచుకుని, వచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుందాం.